మేస్త్రీ చెయ్యి

రోజు 1

నా మేస్త్రీ కర్ర నాకింకా తిరిగి ఇవ్వలేదు. పంతొమ్మిదేళ్ళయింది. పదకొండు అర్జీలు పెట్టాను. ఎవరిల్లు నీడలో ఉండాలో తేల్చే నీడ కచేరీ నుంచి ఒక్కదానికీ జవాబు లేదు. ఈ పుస్తకంలో మొదట ఇదే రాస్తున్నాను. మిగతావన్నీ తరవాత.

నా పేరు దాలయ్య. వయసు డెబ్బై ఒకటి. పెద్ద కొఠారు ఉప్పు మడుల్లో ఇరవై ఆరేళ్ళు మేస్త్రీగా చేశాను. నా కింద నలభై మంది. చదువు రెండో తరగతి. చలువ చుక్కలు మాన్పించే ఈ ఇంట్లో చేరినవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలట. రాయలేనివాళ్ళు గోడమీది పెట్టెతో చెబితే అదే రాసిపెడుతుందట. నా మాట ఇంకొకరు రాయడం నాకిష్టం లేదు, పెట్టె అయినా సరే. అర్జీలన్నీ నా చేత్తో రాసినవే. అక్షరాల తప్పులు పెట్టె దిద్దుకుంటే దిద్దుకోనీ, మాట మాత్రం మార్చకూడదని డాక్టరమ్మతో చెప్పాను. సరే అంది. ఈ పుస్తకం నకలు ఆఖర్న కచేరీకి వెళుతుందని కూడా చెప్పింది. అందుకే రాస్తున్నాను.

నన్నిక్కడికి తెచ్చింది నా కాలు. గంజి వారుస్తూ పాదం మీద ఒంపుకున్నాను. నాకు తెలియలేదు. అలాగే నడిచి వీధిలోకొస్తే పక్కింటావిడ చూసి కెవ్వుమంది. తోలు మేజోడులా ఊడి వచ్చేసింది. చలువ చుక్కలు వేసుకునేవాడికి ఇదేం వింత కాదు. పొద్దున నాలుక మీద ఒక చుక్క పడితే ఎండ యాభై దాటినా ఏటి నీళ్ళలో నిలబడ్డట్టు ఉంటుంది. అది లేకుండా పగటిపూట మడిలోకి దిగే మగాడెవడు? ఇప్పుడు మడుల్లోకి యంత్రాలు దిగాయి. మాకు చుక్కలు మిగిలాయి.

గుమ్మంలోనే నా మొల తడిమి సీసా తీసేసుకున్నారు. అరవై రోజులుండాలట. కాలు మానగానే పోతానని చెప్పాను.

వంటింట్లో గంజి పోసే మనిషి గున్నమ్మ. నా కింద పనిచేస్తూ చచ్చిపోయిన అసిరయ్య పెళ్ళాం. నా గిన్నెలో పోసింది, నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు.

రోజు 4

ఒళ్ళంతా పచ్చిమిరప నూరి రాసినట్టుంది. పంచె తగిలితే మంట. గాలి తగిలితే మంట. తాగే నీళ్ళు గొంతులో నిప్పులా దిగుతున్నాయి. ఇదంతా ఉన్నదేనట, నా ఒంటికి ఇన్నాళ్ళూ తెలియలేదంతేనట. డాక్టరమ్మ వనజాక్షి అలా అంటుంది. ఆవిడకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

నా గదిలో రెండో మంచం తవిటయ్యది. ఎండ రోడ్డు మీద లారీ తోలేవాడు. నలభై ఏళ్ళుంటాయి. నాకంటే ఆరు రోజుల ముందు వచ్చాడు. నోరు మూయడు.

"మేస్త్రీ మావా, ఏటలాగ మూలుగుతున్నావు? నీ కర్ర కచేరీవోళ్ళైనా తిరిగిత్తారేమో గానీ, నీ మూలుగులకి నా మజ్జానం కునుకు మట్టుకు తిరిగిరాదు."

"నోర్ముయ్యి."

"ముయ్యడానికి దుప్పటి కావాల. ఆ దుప్పటి కూడా కాలిపోతన్నాది."

నవ్వొచ్చింది. నవ్వితే పెదవులు మండాయి.

రోజు 9

ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున గంజికి ముందు ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకరి నుదుటి మీద ఒకరం చెయ్యి పెట్టాలి. చుక్కలు మానినవాళ్ళకి జ్వరం వచ్చి పోతుంటుందట. చల్లగా ఉందో, కాలుతోందో, ఎంత కాలుతోందో చెప్పాలి. తరవాత డాక్టరమ్మ థర్మామీటరు పెట్టి అసలు సంగతి చెబుతుంది. చేతికి తెలివి రావడానికట.

ఈ పని నాకు నేర్పేదేమిటి? ఇరవై ఆరేళ్ళు చేసింది ఇదే. చుక్క వేసుకుని మడిలోకి దిగినవాడికి తన ఒంటి వేడి తనకి తెలియదు. అందుకే మేస్త్రీ ఉండేది. గంటకొకసారి గట్టు వెంట నడుస్తూ నలభై నుదుళ్ళూ తడిమేవాణ్ణి. కాలితే కర్రతో తట్టి నీడ పాకలోకి పంపేవాణ్ణి. ప్రతివాడి మణికట్టుకీ వేడి చూపే పట్టీ ఉండేది గానీ, ఉప్పు పట్టి అవి నోటికొచ్చినట్టు చెప్పేవి. నా మనుషులు పట్టీని చూసుకునేవాళ్ళు కాదు. నా చెయ్యే చూసేవాళ్ళు.

ఇవాళ తవిటయ్య నుదురు చూసి చల్లగా ఉందన్నాను. థర్మామీటరు నూటొకటి అంది. నిన్నా తప్పే, మొన్నా తప్పే. అయిదు రోజుల్లో అయిదూ తప్పు. థర్మామీటరు పాడైపోయిందన్నాను. డాక్టరమ్మ ఇంకొకటి తెచ్చింది. అదీ నూటొకటే అంది.

"మేస్త్రీలు కూడా చుక్కలు వేసుకునేవారా?" అని అడిగింది.

వేసుకోకపోతే ఎలా? కొత్త సీసా మూత తీస్తే ముందు మేస్త్రీ గట్టు మీద నిలబడి, అందరూ చూస్తుండగా, తన నాలుక మీద వేసుకోవాలి. కల్తీ లేదని నమ్మకం. మా తాతల నాడు కల్లు పంచిన దగ్గర్నుంచీ ఉన్న మర్యాద అది. రోజుకి మూడు సీసాలు. మిగతావాళ్ళకి ఒక్కటే చుక్క, మేస్త్రీకి మూడు. ఇదంతా కొంచెం గర్వంగానే చెప్పాను.

"మరి మూడు చుక్కలు వేసుకున్న చేతికి నలభై మంది వేడి ఎలా తెలిసేది, దాలయ్య గారూ?"

లేచి వచ్చేశాను. గంజి తాగలేదు.

రోజు 15

పొద్దుటి గంజి తాగనని పంతం పట్టినవాణ్ణి ఇవాళ ఆకలేసి గబగబా తాగాను. నాలుక బొబ్బెక్కింది. గిన్నె విసిరి, గంజి ఇంత వేడిగా పోస్తే చెప్పొద్దా అని అరిచాను.

గున్నమ్మ అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది.

"పొగలు కక్కుతన్నాది, కానలేదేటి మేస్త్రీ? సెయ్యి సల్లబడిపోయిందనుకున్నాను, కళ్ళు కూడా సల్లబడిపోనాయేటి?"

పంక్తిలో అందరూ నవ్వారు. తవిటయ్య మరీ నవ్వాడు. ఆడదాని చేత అంత మాట నేనెప్పుడూ పడలేదు.

ఆవిడ సంగతి రాస్తాను, కచేరీవాళ్ళు మరిచిపోయి ఉంటే గుర్తొస్తుంది. పంతొమ్మిదేళ్ళ క్రితం వైశాఖంలో ఒక మధ్యాహ్నం అసిరయ్య మడిలో పడి చచ్చిపోయాడు. వాడి మణికట్టు పట్టీ నూట ఆరు చూపించింది. పట్టీ చెడిపోయిందని, నా చేతికి వాడు చల్లగానే ఉన్నాడని చెప్పాను. ఒళ్ళు చల్లగా ఉన్నవాడు ఎందుకు చస్తాడు? చుక్కలు దొంగతనంగా ఎక్కువ తాగి గుండె ఆగి చచ్చి ఉంటాడన్నారు. కచేరీ అలాగే రాసుకుంది. పనిలో వేడికి చచ్చినవాడి కుటుంబానికి నీడ వరసలో ఇల్లిస్తారు. దొంగ చుక్కలు తాగి చచ్చినవాడి కుటుంబాన్ని ఎండ వరసకి పంపేస్తారు. గున్నమ్మని పంపేశారు. అయితే నా మాట నమ్మినవాళ్ళు నా కర్ర ఎందుకు తీసుకున్నట్టు? "చుక్కల కాపలాలో అజాగ్రత్త" అట. నమ్మితే పూర్తిగా నమ్మాలి, లేకపోతే లేదు. నా గొడవ అది.

ఎండ వరస వాళ్ళు ఆవిణ్ణి "సుక్కల దొంగోడి పెళ్ళాం" అంటారని తవిటయ్య చెప్పాడు.

రోజు 22

ఇవాళ పొద్దున తవిటయ్య గంజికి లేవలేదు. మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. డాక్టరమ్మ ఇంకో గదిలో ఉంది. వాడెందుకు లేవలేదో చూసి రమ్మని నన్ను పంపింది. వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను. బాగా ఆనించి, లోపలి మాట వినేవాడిలా, చాలాసేపు పెట్టాను.

"సల్లగానే ఉన్నావు, నాటకాలాడకు, లే" అన్నాను.

తిరిగొచ్చి డాక్టరమ్మతోనూ అదే చెప్పాను. చల్లగానే ఉన్నాడు, బద్ధకం అన్నాను. ఆవిడ వేరేవాళ్ళని చూస్తూ ఉండిపోయింది. గంజి అయిపోయింది. గంటన్నర గడిచింది. గిన్నెలు తీసుకెళ్ళడానికి గదిలోకి వెళ్ళిన గున్నమ్మ కేకేసింది.

"ఓలమ్మో! మనిషి పెనంలాగ కాలిపోతన్నాడు! ఇటు రండర్రా!"

నూట నాలుగున్నర. వాడి కళ్ళు పైకి తేలిపోయాయి. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. గున్నమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి ఒంటి మీద గుమ్మరించి, తడి చీర కొంగు వాడి మెడకి చుట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పక్కకి తప్పుకోమని ఎవరో తోశారు. బండిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

గున్నమ్మ నా పక్కనుంచి వెళుతూ ఆగింది. తిడుతుందనుకున్నాను. కొంగు పిండుకుంటూ నా చేతివైపు చూసింది.

రోజు 23

తవిటయ్య బతికే ఉన్నాడట. కబురొచ్చింది.

రాయడానికేం లేదు.

రోజు 27

రాయడానికి ఉంది. నాలుగు రోజులు వాయిదా వేశాను.

ఆ మధ్యాహ్నం మడిలో అసిరయ్య ఉప్పు లాగే పలక కింద పెట్టేసి గట్టు మీదికొచ్చాడు. "బావు, కళ్ళు తిరుగుతున్నాయి, ఒక్క గడియ పాకలో కూకుంటాను" అన్నాడు. నేను నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నా చేతికి అప్పుడు అన్నీ చల్లగానే ఉండేవి. రాయి చల్లన, ఇనప గునపం చల్లన, నా సొంత పిల్లకి అమ్మవారు పోసినప్పుడు కూడా చల్లన. "సల్లగానే ఉన్నావు, నాటకాలాడకు, పలక పట్టుకో" అన్నాను. వాడు నా చెయ్యి నమ్మాడు. వాడి చేతికి పట్టీ ఉంది, చూసుకోలేదు. వెనక్కి తిరిగి మడిలోకి దిగాడు. పది బారలు లాగి ముందుకి పడ్డాడు, మొహం ఉప్పులో.

తవిటయ్యతో మొన్న నేనన్న మాటా అదే. అక్షరం కూడా తేడా లేదు.

మేస్త్రీ ముందు వేసుకోవాలన్న మర్యాద అందరికీ తెలుసు. మేస్త్రీ చేత్తో చూడాలన్న పద్ధతీ అందరికీ తెలుసు. ఈ రెండూ ఒక్క మనిషిలో కుదరవని ఇరవై ఆరేళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. నాకు తట్టవలసింది.

ఇది చదివి నన్ను మంచివాడని ఎవరూ అనుకోవద్దు. ఇంకా ఉంది. ఇవాళ ఇంతే రాయగలను.

రోజు 31

తవిటయ్య తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి మంచం మీద కూర్చుని, "రా మావా, సూడు. ఈసారి సచ్చిపోనానని సెప్పేవు, జాగర్త" అన్నాడు.

చెయ్యి పెట్టాలంటే భయమేసింది. పెట్టాను. ఏదో తెలిసింది. కొలిమి దగ్గర నుంచి వచ్చే సెగలా, మెల్లగా, అరచేతి నడుమ. "తొంభై తొమ్మిది, ఒక పిసరు ఎక్కువ" అన్నాను. థర్మామీటరు తొంభై తొమ్మిదింబావు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెరట్లోకి వెళ్ళి ఆ చేతిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అది ఇప్పుడు పనికొచ్చి ఏం లాభం?

రోజు 34

కచేరీ గుమస్తా వచ్చాడు. చలువ చొక్కా తొడుక్కున్న కుర్రవాడు, మాట తేనె.

"తాతగారూ, మీకు శుభవార్త. మీ పదకొండో అర్జీ మంజూరైంది."

పాత మణికట్టు పట్టీలన్నీ ఉప్పుకి చెడినవేనని ఈమధ్య తేలిందట. కాబట్టి అసిరయ్య పట్టీ చూపిన నూట ఆరు కూడా చెల్లదట. ఇక సాక్ష్యమంటూ మిగిలింది మేస్త్రీ చెయ్యేనట. నా మీద అజాగ్రత్త మాట కొట్టేస్తారు. రోహిణి కార్తె ప్రవేశించే రోజున, నీడ వరసల జాబితా చదివే సభలో, అందరి ముందూ నా కర్ర నాకిస్తారు. ఒక్క సంతకం కావాలి. "ఆ రోజు నేను చెయ్యి వేసి చూసినప్పుడు అసిరయ్య ఒళ్ళు చల్లగా ఉన్నమాట వాస్తవం" అన్నదాని కింద.

పెన్ను నా చేతికిచ్చాడు.

అక్షరాలా అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. నా చేతికి చల్లగానే ఉంది కదా. పంతొమ్మిదేళ్ళు అడిగింది ఇదే కదా. నా మనుషుల్లో ఇంకా తొమ్మిది మంది బతికున్నారు, వాళ్ళు చూస్తారు కదా.

సంతకం పెట్టాను. పూర్తి పేరు రాశాను. ఒత్తులు కూడా మరిచిపోలేదు.

రోజు 35

పెట్టినట్టు ఎవరికీ చెప్పలేదు. తవిటయ్య "గుమస్తా ఎందుకొచ్చినాడు?" అంటే కాలు చూడటానికన్నాను.

రోజు 41

నా సంతకం ఏం చేసిందో ఇవాళ తెలిసింది.

గున్నమ్మ కూడా ఒక అర్జీ పెట్టి ఉందట. నాకు తెలియదు. ఆవిడ కూతురు నూకాలుకి నెలలు నిండుతున్నాయి. అసిరయ్య పోయినప్పుడు ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు, మడి గట్టున చింతపిక్కలాడుకునేది. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. ఎండ వరసలో రోహిణిలో పుట్టిన పసిబిడ్డల్లో సగం మంది వారం దాటరు. అందుకని, మొగుడి పట్టీ నూట ఆరు చూపింది కదా, వాడు దొంగ చుక్కలకి కాదు, పని వేడికే పోయాడని, కానుపు లోపల నీడ వరసలో ఇంటికి నీడ చీటీ ఇప్పించమని రాసుకుంది. డాక్టరమ్మ రాసిపెట్టింది. కచేరీ కొట్టేసింది. "మేస్త్రీ తన చేతి సాక్ష్యాన్ని తిరిగి ధ్రువపరచినందున" అని ఉంది కాగితంలో. కింద నా పేరు.

గున్నమ్మ ఆ కాగితం పట్టుకుని పెరట్లోకొచ్చింది.

"ఇది నీ సేతి రాతేనా?"

"నాదే."

"తవిటిగోడి ఒళ్ళు కాలిన తరవాతేనా పెట్టినావు, అంతకు ముందా?"

"తరవాతే."

ఆవిడ కాగితం వైపు ఇంకోసారి చూసింది. తరవాత అంది, "అదే తెలుసుకుందారనుకున్నాను. నేకపోతే, పాపం ముసిలోడికి తెలదు అనుకునేదాన్ని."

వెళ్ళిపోతుంటే పిలిచాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాను. విచారణ నాడు ఒక సీసాలో రెండు చుక్కలు తక్కువున్నాయి. అసిరయ్య దొంగిలించాడని తేల్చింది ఆ రెండు చుక్కల మీదే. ఆ రెండూ నేను వేసుకున్నవి. మూడు చుక్కలు అప్పటికే నాకు ఆనడం మానేశాయి. రోజూ అయిదు వేసుకునేవాణ్ణి. తక్కువేమిటని విచారణలో అడిగితే, అసిరయ్య సీసాల పెట్టె దగ్గర తచ్చాడుతుంటే చూశానన్నాను. చూడలేదు.

గున్నమ్మ మొహంలో ఏమీ మారలేదు.

"నా మొగుడు పక్కోడి దొడ్లో రాలిన మావిడికాయ కూడా ముట్టేవోడు కాదు. నాకు నువ్వు సెప్పాలేటి? పంతొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు."

"క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు గున్నమ్మా."

"మొహం నేకపోతే ఊరుకో. నీ సెయ్యి ఇప్పుడు మండుతున్నాదని నా మీద ఒలకబోయకు. నాకు సెప్తే నా కూతురికి నీడ ఒస్తాదా? ఎవులికి అబద్ధం సెప్పినావో ఆలికి సెప్పు."

"నీ కూతురికి నా గది ఇస్తాను. నీడ వరసలో ఉంది."

"నీ గది ఎవులిక్కావాల? నాను ఆడి పేరు మీద రావాల్సిన ఇల్లడుగుతున్నాను." కాగితం మడిచి బొడ్డులో దోపుకుంది. "గంజి పొయ్యి మీదున్నాది" అని లోపలికి పోయింది.

రోజు 42

డాక్టరమ్మతో అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది.

"ఇది కచేరీకి రాసి పంపితే మీ నీడ చీటీ రద్దవుతుంది, తెలుసా? ఇక్కణ్ణుంచి నేరుగా ఎండ వరసకే వెళతారు. చుక్కలు లేకుండా. ఈ వయసులో."

"తెలుసు."

"చుక్కలు మాన్పించే ఇంట్లో ఉన్న మనిషి మాట చెల్లదని కూడా అనవచ్చు."

తెలుసన్నాను. నాకు తెలియంది ఒక్కటే, ఇవాళే రాయగలనా అని. కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడలేదు. మొలలో సీసా ఉందేమోనని రెండుసార్లు తడుముకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. ఒక చుక్క పడితే ఎంత బాగుండునో అనుకుంటూ పొద్దంతా గడిపాను.

రోజు 45

రాయలేదు. తవిటయ్యకి చెప్పాను. వాడు వేళాకోళం చెయ్యకుండా విన్నాడు. వాడిలో అదే మొదటిసారి చూడటం.

"మావా, నాను ఆ రోజు మంచం మీద పడున్నప్పుడు నీ సెయ్యి నా నుదుటి మీదున్నాదని తెలుస్తానే ఉన్నాది. సల్లగా ఉన్నావు అన్నావు. మేస్త్రీ అన్నాడు గదా, అంతే గావాల అనుకున్నాను. నా ఒళ్ళు నాకు మండుతున్నా సరే నిన్నే నమ్మీసినాను."

గోడవైపు తిరిగి అన్నాడు, "ఆడూ అలాగే అనుకునుంటాడు."

రోజు 48

నీడ కచేరీ పెద్దలకు దాలయ్య రాసుకునేది. ఇది నా పన్నెండో అర్జీ. కర్ర కోసం కాదు. కర్ర నాకొద్దు, సభలో నా పేరు పిలవొద్దు.

ఈ ఇంట్లో చేరిన ముప్పై నాలుగో రోజున నేను మీ గుమస్తా ముందు పెట్టిన సంతకం తప్పు. అసిరయ్య ఒళ్ళు ఆ మధ్యాహ్నం ఎంత కాలిందో నాకు తెలియదు. అయిదు చుక్కల మీద ఉన్నవాడికి ఏదీ తెలియదు. కళ్ళు తిరుగుతున్నాయని వాడు నోటితో చెప్పాడు. పాకకి పంపకుండా మడిలోకి తోలింది నేను. పని వేడికే వాడు పోయాడు. సీసాలో తక్కువైన రెండు చుక్కలు నేను తాగాను. వాడు పెట్టె దగ్గర తచ్చాడాడన్నది నేను కల్పించింది. ఈ మాటలు నా చేత్తో రాశాను, పెట్టె చేత రాయించలేదు.

మత్తు మనిషి మాట చెల్లదని మీరు అనవచ్చు. పంతొమ్మిదేళ్ళ కిందట మీరు నమ్మి రాసుకున్న మాట నేను అయిదు చుక్కల మీద చెప్పింది. ఇది నలభై ఎనిమిది రోజులుగా ఒక్క చుక్క లేకుండా చెబుతున్నది. రెండింట్లో ఏది చెల్లుతుందో మీరే తేల్చండి. నా మనుషుల్లో బతికున్న తొమ్మిది మందినీ పిలిచి అడగండి. నేను రోజుకి ఎన్ని వేసుకునేవాణ్ణో వాళ్ళు చూసే ఉంటారు. మేస్త్రీ అని ఊరుకుని ఉంటారు.

నా నీడ చీటీ దీనితో పాటు పంపుతున్నాను. అడక్కుండానే ఇస్తున్నాను, కాబట్టి దీన్ని శిక్ష కింద రాసుకోవద్దు. శిక్ష ఏమిటో మీరు వేరే చెప్పండి, పడతాను.

నేనడిగేది ఇది. అసిరయ్య పేరు ముందున్న దొంగ అన్న మాట కొట్టెయ్యాలి. పని వేడికి పోయినవాళ్ళ జాబితాలోకి వాడి పేరు ఎక్కాలి. ఆ ఇంటి నీడ చీటీ గున్నమ్మకి ఇవ్వాలి. జవాబు నాకు రాయొద్దు, ఆవిడ పేరున రాయండి. "విచారిస్తున్నాము" అని రాస్తే అది జవాబు కాదు. అలాంటివి రాకుండానే పది అర్జీలు గడిచాయి, వచ్చినా ఒకటే.

ఇవాళ మే పద్నాలుగు. ఇరవై అయిదున రోహిణి ప్రవేశం. ఆ పొద్దున ఏడు గంటలకి మీరు వరసల జాబితా చదవడం మొదలుపెడతారు, చదివాక ఏడాది దాకా అందులో అక్షరం మార్చరు. నూకాలుకి కానుపు ఇరవై ఎనిమిదని డాక్టరమ్మ చెప్పింది.

ఇరవై అయిదు, పొద్దున ఏడు. ఆ లోపల జవాబు కావాలి. ఆ వేళకి గున్నమ్మ మీ గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. నేను ఆవిడకి పది బారల వెనక, ఎండలో ఉంటాను, ఆవిడ నన్ను దగ్గరికి రానివ్వనంది. జాబితా చదివేటప్పుడు అసిరయ్య భార్య గున్నమ్మ అని పిలవండి. అందరికీ వినబడేట్టు పిలవండి.